60 సెకన్ల హారర్ టీజర్: ముందు శబ్దం కట్టండి, తర్వాతే కెమెరా తీయండి

తమ్ముడూ, తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థం కావాలని నీ ప్రశ్నను ముందు కుదించి రాస్తున్నా. కర్నూలులో ఇంజనీరింగ్ మూడో ఏడాది. కాలేజీ ఫెస్ట్‌లో వేయడానికి 15 నిమిషాల హారర్ షార్ట్ ఫిల్మ్ తీస్తున్నారు, అంతకంటే ముందు 60 సెకన్ల టీజర్ వదలాలి. ఉన్నవి ఒక మంచి ఫోను, ఒక ట్రైపాడ్, 5 వేల రూపాయలు, ఆరుగురు మనుషులు, రెండు రాత్రులు. పత్తికొండ దగ్గర పల్లెలో ఎవరూ ఉండని తాతల నాటి మట్టి మిద్దె ఉంది. కథ: తాళం వేసిన గదిలోంచి అర్ధరాత్రి ఇసుర్రాయి తిరిగే చప్పుడు. సినిమా తీశాక అందులోంచి ముక్కలు కోసి టీజర్ చేయాలా, విడిగా తీయాలా, చీకట్లో ఫోనుతో ఎట్లా తీయాలి అన్నది అనుమానం.

టీజర్‌ను విడిగా ప్లాన్ చేసి విడిగా తీయండి. షూటింగుకు ముందే 60 సెకన్ల సౌండ్ ట్రాక్ కట్టుకోండి. ఆ శబ్దానికి సరిపడా 20 షాట్లు తీస్తే చాలు. దెయ్యాన్ని మాత్రం చూపించొద్దు.

సినిమాలోంచి కోసిన ముక్కలు టీజర్‌కు ఎందుకు పనికిరావంటే, సినిమాలో ప్రతి షాటూ పక్క షాటు మీద ఆనుకొని ఉంటుంది. ఒక అమ్మాయి తలుపు వైపు నడుస్తుంటే, ఆ తలుపంటే ఎందుకు భయమో ముందు సీనులో చూసిన వాడికే ఆ నడక భయం పుట్టిస్తుంది. టీజర్ చూసేవాడికి అదేమీ తెలియదు. ట్రైలర్ అయితే రెండు, రెండున్నర నిమిషాల్లో కథ పరిచయం చేస్తుంది. టీజర్ ఒక్క ప్రశ్న వేసి వదిలేయాలి. మీ ప్రశ్న చేతిలో సిద్ధంగా ఉంది: బయటి నుంచి తాళం ఉంటే లోపల ఇసిరేది ఎవరు? 60 సెకన్లలో దీనికి మించి ఒక్క ముక్క కూడా చెప్పకండి. పాత ఫొటోలు, పేపరు కటింగులు, పూజారి హెచ్చరిక, ఇవన్నీ సినిమాకు దాచుకోండి.

శబ్దం ముందు ఎందుకు? మీ కథలో భయమంతా చెవికి సంబంధించినది. అదీగాక ఫోను కెమెరాతో పెద్ద సినిమా స్థాయి బొమ్మ రాదు గానీ, పెద్ద సినిమా స్థాయి శబ్దం తెప్పించుకోవచ్చు. దానికి డబ్బు అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

ఊళ్లో ఎవరింట్లోనైనా ఇసుర్రాయి దొరుకుతుంది. పగలే వెళ్లి మూడు రకాలుగా రికార్డు చేయండి: రాయి అంచుకు జానెడు దూరంలో, గదిలో ఐదడుగుల దూరంలో, తలుపు వేసి బయటి నుంచి. జొన్నలు పోసి ఒక్కోటి రెండు నిమిషాలు, ఒట్టి రాయితో కొద్దిసేపే. ఒట్టి రాయి కీచుమంటుంది, గింజలతో గుర్రుమంటుంది. ఒట్టి రాయిని ఎక్కువసేపు తిప్పితే గాట్లు అరిగిపోతాయి కాబట్టి ఇంటావిడను అడిగి నాలుగైదు చుట్లతో ఆపేయండి. గింజలతో తీసినదాన్ని ఎడిటింగ్‌లో సగం వేగానికి తగ్గిస్తే శబ్దం ఒక స్థాయి కిందికి దిగి, మనిషి తిప్పే రాయిలా అనిపించదు. ఈ సగం వేగం శబ్దాన్నీ మామూలు వేగం శబ్దాన్నీ ఒకదాని మీద ఒకటి వేస్తే మీ దెయ్యం తయారైనట్టే.

మిగతా శబ్దాలూ ఊళ్లోనే ఉన్నాయి. నూనె లేని బావి గిలక సగం వేగంలో మూలుగులా ఉంటుంది. ఎండు కందికట్టెను తడిగుడ్డలో చుట్టి విరిస్తే ఎముక విరిగినట్టు వినబడుతుంది. కడప బండ మీద ఇనుప మేకు మెల్లగా గీస్తే వచ్చే కీచు ఏ సౌండ్ లైబ్రరీలోనూ దొరకదు. వేరుశనగ తొక్కల మీద ఉత్త కాళ్లతో నడిచిన చప్పుడు కూడా తీసుకోండి. అన్నింటికంటే ముఖ్యంగా, ఆ మిద్దెలోనే రాత్రిపూట అందరూ ఊపిరి బిగబట్టుకొని ఒక నిమిషం ఖాళీ గది శబ్దం రికార్డు చేయండి. నిశ్శబ్దం కావాల్సిన చోట ట్రాక్‌ను పూర్తిగా సున్నా చేస్తే వీడియో ఆగిపోయిందేమో అనుకుంటారు. ఈ గది శబ్దం వేస్తే నిశ్శబ్దంలా వినబడుతుంది. తొలకరి పడ్డాక తీస్తుంటే కప్పలు, కీచురాళ్లు దీన్ని పాడుచేస్తాయి, అప్పుడు తెల్లవారుజాము 3 నుంచి 4 మధ్య ప్రయత్నించండి.

తర్వాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నల్ల తెర పెట్టి ట్రాక్ ఇలా కట్టండి (డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు):

0 నుంచి 4 సెకన్లు: నల్ల తెర, దూరంగా ఇసుర్రాయి.
4 నుంచి 22: నాలుగు నిదానం షాట్లు. మునిమాపు వేళ ఇల్లు, మంచం మీద అమ్మాయి, తెరుచుకున్న కళ్లు, దీపంతో నడిచే పాదాలు. శబ్దం కొద్దికొద్దిగా దగ్గరవుతుంది.
22 నుంచి 34: నాలుగు షాట్లు. తుప్పు తాళం, తలుపు కింద సందు, అందులోంచి జారే పిండి, తాళం మీద పడిన చెయ్యి. చెయ్యి తగిలిన క్షణంలో ఇసుర్రాయి ఆగాలి.
34 నుంచి 37: ఖాళీ గది శబ్దం ఒక్కటే. అదే తాళం షాటు కదలకుండా ఉంటుంది.
37: అదే ఇసుర్రాయి శబ్దం ఆమె వెనక నుంచి, దగ్గరగా.
38 నుంచి 48: పది వేగం షాట్లు. మొదటివి 35 ఫ్రేములు (సెకనుకు 25 ఫ్రేముల లెక్కన), చివరికి వచ్చేసరికి 12.
48 నుంచి 55: నలుపు, టైటిల్.
55 నుంచి 60: ఆఖరి షాటు. దీపం వెలుగులో ఆమె తన అరచేతులు చూసుకుంటుంది, నిండా జొన్నపిండి.

ఈ ఆఖరిది మీ కథకు అడ్డం వస్తే మార్చుకోండి, కానీ ఇసుర్రాయి ఆగే చోటు మాత్రం మార్చకండి. ఆగకుండా వినబడే శబ్దానికి చెవి త్వరలోనే అలవాటు పడిపోతుంది, అది ఆగినప్పుడే మనిషి ఉలిక్కిపడతాడు. ఎక్కువమంది విద్యార్థులు ఇక్కడే తప్పు చేస్తారు. మొదటి సెకను నుంచి డప్పులు, వయొలిన్ అరుపులు పెట్టేస్తే ఇక ఆపడానికీ పెంచడానికీ ఏమీ మిగలదు.

ట్రాక్ అయ్యాక కథ తెలియని ఒకరిని కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని ఇయర్‌ఫోన్లలో వినిపించండి. 34వ సెకనులో ముఖంలో ఏ కదలికా లేకపోతే అప్పుడే సరిదిద్దండి. షూటింగ్ అయ్యాక తెలిస్తే రెండు రాత్రులు వృథా.

ఫోను సెట్టింగులు. ఫోనుతో వచ్చిన కెమెరా యాప్‌తో తీయకండి. చీకటి పడగానే చాలా ఫోన్లు వాటంతట అవే ఫ్రేముల వేగం తగ్గించేస్తాయి, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనబడేలా రంగులు సర్దే సెట్టింగు) షాటు మధ్యలోనే మారిపోతుంది. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితం, మీ ఫోనులో పనిచేస్తే అది వేసుకోండి, లేకపోతే ఓపెన్ కెమెరా అనే యాప్. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు అందే సమయం) 1/50 సెకను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఈ లెక్కలో బల్బులు మిణుకు మిణుకుమనవు. చాలామంది సినిమా లుక్ అని 24 పెట్టి షట్టర్ 1/48 చేస్తారు, చౌక ఎల్ఈడీ కింద సన్నటి చారలు కదులుతూ కనిపిస్తాయి. 24 కావాల్సిందేనంటే షట్టర్ మాత్రం 1/50 దగ్గరే ఉంచండి.

ఐఎస్ఓ (కెమెరా వెలుగును ఎంత పెంచి చూపిస్తుందో చెప్పే అంకె) 400 నుంచి 800 లోపు. మెయిన్ లెన్సు ఒక్కటే వాడండి. వైడ్ లెన్సుకు వెలుగు తక్కువ అందుతుంది, రాత్రిపూట బొమ్మంతా ఇసుక చల్లినట్టు వస్తుంది. వైట్ బ్యాలెన్స్ 4000 కెల్విన్ (వెలుగు రంగును కొలిచే లెక్క) దగ్గర లాక్ చేయండి, కారణం లైట్ల దగ్గర చెప్తా. ఫోకస్ లాక్, ఎక్స్‌పోజర్ లాక్.

చీకట్లో ఫోను తెర మోసం చేస్తుంది. కళ్లు చీకటికి అలవాటు పడి ఉంటాయి, తెర వెలుగు ఎక్కువగా ఉంటుంది, అంతా బ్రహ్మాండంగా కనిపిస్తుంది. పొద్దున ల్యాప్‌టాప్‌లో చూస్తే నల్ల దుప్పటి. హిస్టోగ్రామ్ (బొమ్మలో చీకటిని ఎడమకు, వెలుగును కుడికి చూపించే గీత) పెట్టుకొని చూడండి, గీత మొత్తం ఎడమ గోడకు అతుక్కుంటే వెలుగు చాలదని అర్థం. కాస్త ఎక్కువ వెలుగుతో తీసి తర్వాత ఎడిటింగ్‌లో ముదురు చేయండి. చీకట్లో తీసినదాన్ని ప్రకాశవంతం చేయబోతే మచ్చలు, గళ్లు బయటపడతాయి, యూట్యూబ్‌లో అవి ఇంకా పెద్దవవుతాయి.

లైట్లు. 5 వేలలో వెయ్యి దీనికి చాలు. 20 వాట్ల తెల్ల ఎల్ఈడీ ట్యూబు ఒకటి (6500 కెల్విన్), 9 వాట్ల పసుపు బల్బులు రెండు, థర్మాకోల్ షీట్లు రెండు, నల్ల చార్టులు నాలుగు, పొడవు వైరుతో జంక్షన్ బాక్సు. ట్యూబును కిటికీ బయట ఆరడుగుల దూరంలో, కిటికీ కంటే కొంచెం ఎత్తుగా కట్టండి. పాత కిటికీ ఊచల నీడలు నేల మీద పడతాయి, అదే మీ వెన్నెల. లోపల బుడ్డి దీపం వెలుగు నిజంగా చాలదు, దీపం వెనక, కెమెరాకు కనబడని వైపు పసుపు బల్బు దాచండి. వైట్ బ్యాలెన్స్ 4000లో ఉంటే బయటి వెలుగు నీలంగా, దీపం నారింజగా వస్తుంది. రంగు కాగితాలు అక్కర్లేదు.

వెలుగు దూరాన్ని బట్టి ఎంత వేగంగా తగ్గుతుందో తెలిస్తే గోడలను చీకటి చేయడం సులువు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు. దీపం ముఖానికి రెండడుగుల్లో, వెనక గోడ దీపానికి ఎనిమిదడుగుల్లో ఉంటే గోడకు అందేది ముఖానికి అందేదానిలో పదహారో వంతు. అందుకే అమ్మాయిని గోడకు ఆనించి నిలబెట్టకండి. గది చిన్నదైతే గోడ వైపు పోయే వెలుగును నల్ల చార్టుతో అడ్డుకోండి. సున్నం కొట్టిన గోడ వెలుగును తిరిగి విసురుతుంది, మట్టి గోడ మింగేస్తుంది. రెండు రకాలూ ఉంటే మట్టి గోడ వైపు ఫ్రేము పెట్టండి.

మీ మిద్దెకు గవాచి (వెలుగు కోసం కప్పులో వదిలే కంత) ఉంటే అది వరం. పగలు పదకొండున్నర, పన్నెండున్నర మధ్య ఎండ నిటారుగా దిగుతుంది. తలుపులన్నీ మూసి కొంచెం సాంబ్రాణి పొగ వేస్తే వెలుగు స్తంభంలా నిలబడుతుంది. పొగ లేకుండా ఆ స్తంభం సరిగా కనబడదు. పొగ ఎప్పుడూ వెలుగుకూ కెమెరాకూ మధ్య ఉండాలి, వెలుగు కెమెరా వైపు నుంచి వస్తే పొగ తెల్లటి గుడ్డలా తేలిపోతుంది. బొగ్గుల పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు. ఒక్కో షాటు అవ్వగానే తలుపులు బార్లా తీసి పది నిమిషాలు బయట కూర్చోండి. ఎవరికైనా తల పట్టేసినట్టుంటే పొగ షాట్లు అక్కడితో ఆపేయండి.

బయటి నుంచి ఇల్లు చూపించే షాటు నడిరాత్రి తీయకండి, ఫోనుకు ఏమీ కనబడదు. పొద్దు గుంకాక 20 నిమిషాలకు ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది, లోపల ఒక పసుపు బల్బు వెలిగించి అప్పుడు తీస్తే రాత్రిలా వస్తుంది. ఆ నీలం పది, పదిహేను నిమిషాలకు మించి ఉండదు. ఫ్రేము, ఫోకస్ అన్నీ వెలుగు ఉండగానే సిద్ధం చేసుకోండి.

ఇక తలుపు కింద పిండి షాటు. టీజర్ మొత్తానికి ఇదే గుర్తుండిపోయే షాటు కావచ్చు, గంట కేటాయించండి. జల్లించిన జొన్నపిండి పావుకిలో. కెమెరా నేల మీద, ఫోను తలకిందులుగా పెడితే లెన్సు నేలకు దగ్గరవుతుంది. వెలుగు తలుపు లోపలి వైపు నుంచి, నేలకు దాదాపు సమాంతరంగా రావాలి. అప్పుడే ఒక్కో రేణువుకూ నీడ పడి పిండి పిండిలా కనబడుతుంది, పైనుంచి వెలుగు పడితే ముగ్గు చల్లినట్టు ఉంటుంది. లోపల ఒకరు కూర్చొని అట్టముక్కతో పిండిని మెల్లగా సందులోకి తోయాలి, నోటితో ఊదితే మేఘంలా లేస్తుంది. ఒకసారి తీశాక నేలను పొడిగుడ్డతో తుడవండి, తడి తగిలితే మట్టి నేల రంగు మారి తర్వాతి టేకు కలవదు. గాల్లో పిండి లేచిన గదిలో దీపం, బొగ్గులు ఏవీ వెలుగుతూ ఉండకూడదు, అది అంటుకుంటుంది.

ఇసుర్రాయి దానంతట అదే తిరుగుతున్నట్టు చూపించాలనుకుంటారు, దారం కట్టి లాగుతారు. పై రాయి బరువు, రాపిడి ఎక్కువ, దారం కదలనివ్వదు, కదిలినా కుదుపుతో కదులుతుంది. రెండు రాళ్ల మధ్య సందూ పిండి రాలే అంచూ మాత్రమే కనబడేలా దగ్గరి ఫ్రేము పెట్టండి. పైన పిడి పట్టుకొని మనిషే తిప్పుతాడు, చెయ్యి ఫ్రేములోకి రాదు. అంతే. అర సెకను చాలు.

రక్తం టీజర్‌లో వద్దు. సినిమాలో కావాలంటే చక్కెర పాకంలో ఎర్ర ఫుడ్ కలర్, చిటికెడు కోకో పొడి కలపండి. కోకో లేకపోతే ఫోనులో అది గులాబీ షర్బత్‌లా కనబడుతుంది. పాకానికి చీమలు పడతాయి, షాటుకు ముందే పూయండి.

ఊరు, అనుమతి, ప్రమాదాలు. మిద్దె ఉంది కాబట్టి కోటల జోలికి పోకండి. కొండారెడ్డి బురుజు, గుత్తి కోట, గండికోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. షూటింగుకు రాతపూర్వక అనుమతి, ఫీజు ఉంటాయి, చీకటి పడ్డాక లోపల ఉండనివ్వరు. బురుజు చుట్టూ ట్రాఫిక్ మోత వేరే. గండికోటలో పెన్నా లోయ అంచున రాత్రిపూట కెమెరా చూసుకుంటూ వెనక్కి అడుగేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

మిద్దె యజమాని దగ్గర ఒక కాగితం మీద సంతకం తీసుకోండి. సర్పంచుకు, ఇరుగుపొరుగుకు, స్థానిక పోలీస్ స్టేషనుకు తేదీలు, వేళలు ముందే చెప్పండి. రాత్రి ఖాళీ ఇంట్లో టార్చిలైట్లు, ఆడపిల్ల ఏడుపు వినబడితే ఊరంతా కర్రలతో వస్తుంది, అది వాళ్ల తప్పు కాదు. నిజమైన వేటకొడవలి, మచ్చుకత్తి సెట్‌లో ఉండకూడదు, మీ కథకు వాటి అవసరమే లేదు. గ్రామదేవత గుడినీ, జాతర సామగ్రినీ దెయ్యానికి గుర్తుగా వాడకండి. ఊరు తలుపు తీసి ఇచ్చింది, ఆ నమ్మకం నిలబెట్టుకోవాలి.

పగలే వెళ్లి దూలాలు చూడండి. చెదలు పట్టి పొడి రాలుతుంటే ఆ గది వదిలేయండి. వాన పడ్డ మర్నాడు మట్టి కప్పు బరువెక్కి ఉంటుంది, అప్పుడు లోపల అసలు పనిచేయొద్దు. మూలలన్నీ కర్రతో కదిపి ఊడ్చండి, తేళ్లు, పాములు ఉంటాయి. షాటులో అమ్మాయి ఉత్త కాళ్లతో నడవాలంటే ఆమె నడిచే దారిని ప్రతి టేకుకు ముందు టార్చితో చూడండి, కెమెరా వెనక ఉన్నవాళ్లంతా బూట్లతో ఉండాలి. కరెంటు పక్కింటి నుంచి అడిగి తీసుకోండి, మీ లోడు 50 వాట్లకు మించదు. స్తంభానికి కొక్కెం వేయొద్దు. నటించే అమ్మాయి ఇంట్లోవాళ్లు ఒకరు తోడుండాలి, ఆమె షాట్లు రాత్రి 10 లోపు ముగించి ఇంటికి పంపండి. పాదాలు, తాళం, పిండి, రాయి షాట్లలో ముఖం కనబడదు, వాటిని తర్వాత తీసుకోవచ్చు.

షెడ్యూలు కథ వరుసలో వేయకండి, లైటు వరుసలో వేయండి. ఒక లైటింగ్ మార్చి ఫ్రేము కుదరడానికి అరగంట పడుతుంది. ఆరు లైటింగులకు మించకుండా 20 షాట్లనూ సర్దండి. మొదటి రోజు మధ్యాహ్నం గవాచి, మునిమాపున ఇల్లు, రాత్రి అమ్మాయి ముఖం ఉన్నవన్నీ. రెండో రాత్రి దగ్గరి షాట్లు, పిండి, మిగిలిపోయినవి. ప్రతి షాటుకు ముందు వెనక ఐదు సెకన్లు ఎక్కువ తీయండి. ఏప్రిల్, మే నెలలైతే పగటి ఎండకు ఫోను వేడెక్కి ఆగిపోతుంది, పౌచ్ తీసేసి షాటుల మధ్య నీడలో పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టకండి, లోపల తేమ పడుతుంది.

ఎడిటింగ్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు, ట్రాక్ ముందే కట్టారు కాబట్టి షాట్లు వాటి చోట్లలో కూర్చుంటాయి. టైటిల్ ఒక్కటి జాగ్రత్త. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో తెలుగు వత్తులు విడిపోయి పక్కన పడతాయి. ఇంక్‌స్కేప్ అనే ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో టైటిల్ రాసి, వెనక ఖాళీ (పారదర్శకం) ఉన్న బొమ్మగా సేవ్ చేసి తెచ్చుకోండి. సురన్న, ధూర్జటి లాంటి ఫాంట్లు ఉచితం. అక్షరాల నుంచి రక్తం కార్చకండి. సినిమాల నేపథ్య సంగీతం వాడితే యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది, మీకు ఇసుర్రాయి ఉండగా సంగీతం దేనికి?

ఆఖరి మిక్సింగ్‌లో రెండు సంగతులు. భయం పుట్టేది శబ్దం పెద్దగా ఉండటం వల్ల కాదు, ముందు దానికీ తర్వాతి దానికీ ఉన్న తేడా వల్ల. 37వ సెకనులో వచ్చే ఇసుర్రాయి అంతకుముందు కంటే 15 నుంచి 20 డెసిబెల్స్ పైన ఉండాలి, దాని శిఖరం మైనస్ 1 డెసిబెల్ దాటకూడదు. యూట్యూబ్ సగటు స్థాయిని మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినబడే సగటు బిగ్గరతనం కొలత) దగ్గరకు దించేస్తుంది కాబట్టి మొత్తం ట్రాక్ పెంచి లాభం లేదు. రెండోది, ఫోను స్పీకర్లో 100 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ వినబడదు. హెడ్‌ఫోన్లలో గుండెలదిరే గుర్రుమనే మోత ఫోనులో మాయమవుతుంది. అందుకే సగం వేగం ట్రాక్ ఒక్కటే ఉంచకుండా, దాని మీద మామూలు వేగంలోని రాపిడి శబ్దాన్ని, 300 నుంచి 500 హెర్ట్జ్ ప్రాంతం కాస్త పెంచి కలపాలి. ఫెస్ట్ ఆడిటోరియంలో పరిస్థితి దీనికి తిరగబడుతుంది. పెద్ద స్పీకర్లు ఆ కింది మోతనే ఎక్కువ చేసి గోడలను గణగణలాడిస్తాయి, మూడు సెకన్ల నిశ్శబ్దంలో కూడా ఆ ప్రతిధ్వని సాగుతుంది. కాబట్టి హాలు కోసం వేరే మిక్స్ చేసుకోండి: కింది మోత కొంచెం తగ్గించి, నిశ్శబ్దాన్ని మూడు సెకన్ల నుంచి నాలుగున్నరకు పెంచి. ముందు రోజు సాయంత్రం హాలు ఖాళీగా ఉన్నప్పుడు ఆఖరి వరుసలో కూర్చొని ఒకసారి వేసి చూడండి.